అచ్చుకూటం దాకా: నల్లగొండ, పాలమూరు రచయితల ప్రచురణ చరిత్ర

నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల సాహిత్య చరిత్రను పరిశీలించేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: కావ్యానికీ శతకానికీ యక్షగానానికీ ఏనాడూ కొదవ లేని ఈ మెట్టసీమలో నవల మాత్రం ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఎందుకు నిలదొక్కుకోలేకపోయింది? నిజాం రాజ్యంలో 1884 నుంచి ఉర్దూ పాలనాభాష కావడం, బడిచదువు ఎక్కువగా ఆ భాషలోనే సాగడం, తెలుగు చదివేవారి సంఖ్య పెరగకపోవడం దీనికి కారణాలని సాహిత్య చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఆ సమాధానంలో తప్పు లేదు కానీ, అది సగం సమాధానమే. అదే రాజ్యంలో, అదే పాలనలో కవిత్వం వెలువడింది, కథ వెలువడింది, నవల వెనుకబడింది. కనుక భాషావిధానంతోపాటు అచ్చు వ్యవహారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చువేసి మడిచినప్పుడు వచ్చే పదహారు పేజీల కట్టను అచ్చుకూటాల్లో ఫారం అంటారు. శతకం రెండు మూడు ఫారాల్లో ముగుస్తుంది, కథ పత్రికలో నాలుగు పేజీల చోటు దొరికితే చాలు. నవలకు మాత్రం పన్నెండో పదిహేనో ఫారాల కాగితం, అన్ని పేజీలకు అక్షరం అక్షరం చేత్తో పేర్చే కంపోజిటరు కూలి, ప్రూఫులు దిద్దేవారు, అచ్చయిన ప్రతులు అమ్ముడై డబ్బు తిరిగి వచ్చేదాకా ఆగగల ఆసామి అవసరమవుతారు. ఈ ఆసామి ఎవరన్నదే నల్లగొండ, పాలమూరు ప్రచురణ చరిత్రలో అసలు విషయం. రాతప్రతిని ప్రచురణకర్తకు పంపి అంగీకారం కోసం ఎదురుచూడడమనే పద్ధతి ఈ ప్రాంతానికి చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు రాజో, చందాదారులో, పత్రికో, చివరికి రచయిత తానే అయి ఆ పాత్రను నిర్వహించవలసి వచ్చింది.

మొదటి ఆసామి సంస్థానాధీశుడు. నిజాంకు కప్పం కట్టి తమ పరిధిలో పాలన సాగించుకున్న చిన్న రాజ్యాలను సంస్థానాలంటారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, గోపాలపేట అనే అయిదూ కృష్ణా, తుంగభద్రల మధ్య, వాటి పరిసరాల్లో, నేటి పాలమూరు ప్రాంతంలోనే ఉండేవి. పండిత సభలకు పేరుపొందినందువల్లే గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు స్థిరపడింది. తిరుపతి వేంకట కవులు సైతం ఈ ప్రాంతపు సంస్థానాల్లో అవధానాలు చేసి సన్మానాలు పొందారు. ఏటేటా పండితుడికి ముట్టే నిర్ణీత సొమ్మును వార్షికం అనేవారు. కావ్యాన్ని అంకితం తీసుకోవడాన్ని కృతి పుచ్చుకోవడమనీ, అలా పుచ్చుకొన్నవాడిని కృతిభర్త అనీ అనేవారు. అచ్చు వచ్చాక కృతిభర్తే చాలాసార్లు ముద్రణ ఖర్చును కూడా భరించాడు. జటప్రోలు సురభి వంశంలో పదిహేడో శతాబ్దపు మాధవరాయలు స్వయంగా చంద్రికాపరిణయమనే ప్రబంధం రాసిన కవి కావడం వల్ల, ఆ ఆస్థానంలో కవికీ పోషకుడికీ మధ్య దూరం కూడా తక్కువే. తూమాటి దొణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణపై చేసిన పరిశోధన, కేశవపంతుల నరసింహశాస్త్రి సంస్థానాల సాహిత్య సేవపై చేసిన రచన ఈ వ్యవస్థ విస్తృతిని తెలియజేస్తాయి.

అయితే ఆ వ్యవస్థలో నవలకు చోటు లేకపోవడానికి ఒక రూపపరమైన కారణం ఉంది. ప్రబంధంలో అవతారిక ఉంటుంది, కృతిభర్త వంశవర్ణన ఉంటుంది, షష్ఠ్యంతాలుంటాయి, ప్రతి ఆశ్వాసం మొదటా చివరా అతడిని సంబోధించే పద్యాలుంటాయి. అంటే పెట్టుబడి పెట్టినవాడికి దక్కవలసిన కీర్తి ఆ రచన నిర్మాణంలోనే ఒదిగి ఉంటుంది. సామాన్య గృహస్థుల జీవితాన్ని వచనంలో చెప్పే నవలలో రాజును నిలబెట్టడానికి అటువంటి పీఠం ఏదీ లేదు. పైగా నవల పదిమంది కలిసి సభలో వినే రచన కాదు, ఒక్కరు కూర్చుని చదువుకునే రచన. అందువల్ల పండిత సభల్లో గెలిచే నైపుణ్యం నవలాకారుడికి పనికిరాలేదు. సంస్థానాలు నవలను తిరస్కరించాయనడం కన్నా, వాటికి దానితో పని పడలేదనడం సబబు. జాగీర్లతోపాటు 1949లో సంస్థానాలు కూడా రద్దయ్యేనాటికి ఈ దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఇదే కాలంలో సర్కారు జిల్లాల్లో నవల పత్రికను ఆశ్రయించి పెరిగింది. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలుగా వచ్చిన తరువాతే 1880లో పుస్తకమైంది. రాజమహేంద్రవరంలో న్యాపతి సుబ్బారావు నడిపిన చింతామణి పత్రిక 1890లలో నవలలకు పోటీలు పెట్టగా, చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్రవిజయం అటువంటి పోటీలో బహుమతి పొందింది. పేరులేని కొత్త రచయితకు పోటీ అనేది పరిచయపత్రం లేకుండా ప్రవేశించగల ద్వారమైంది. పత్రికకేమో పాఠకుడు వచ్చే సంచిక కోసం ఎదురుచూసే కారణం దొరికింది. ఇరుపక్షాలకూ లాభసాటి అయిన ఈ ఏర్పాటు నిలవాలంటే పత్రిక ఉండాలి, దానికి చందాలు కట్టే చదువరులుండాలి. నల్లగొండ, పాలమూరు సీమల్లో ఆనాటికి ఈ రెండూ లేవు.

లేనివాటిని కల్పించడానికి జరిగిన తొలి గట్టి ప్రయత్నంలో నల్లగొండ పాలు తక్కువేమీ కాదు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి స్థాపకుల్లో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు బాల్యంలో భువనగిరిలో చదువుకున్నవాడు, తరువాత మునగాల సంస్థానంలో దివాను; ఆయనకు తోడు నిలిచిన రావిచెట్టు రంగారావు నల్లగొండ జిల్లా దండంపల్లి మనిషి; ఆర్థికంగా ఆదుకున్న మునగాల రాజా నాయని వెంకటరంగారావు జమీందారీ నాడు కృష్ణా జిల్లాకు చెందిన విడిముక్కగా నిజాం రాజ్యం నడుమ ఉండి, తరువాత నల్లగొండ జిల్లాలో కలిసింది. మండలి అనుసరించిన పద్ధతిని గ్రంథమాల అంటారు: పాఠకులు ముందుగానే చందాదారులుగా చేరతారు, ఆ భరోసామీద వరుసగా పుస్తకాలు వెలువడతాయి, చందాదారుకు అవి తగ్గింపు ధరకు అందుతాయి. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క పోషకుడిని వెతుక్కునే అగత్యాన్ని తప్పించిన ఈ పద్ధతిలో రాజు స్థానాన్ని కొన్ని వందలమంది సామాన్యులు పంచుకున్నారు. మండలి కూడా నవలలకు పోటీలు నిర్వహించింది; కేతవరపు వేంకటశాస్త్రి రాయచూరు యుద్ధము, భోగరాజు నారాయణమూర్తి విమలాదేవి ఆ ఒరవడిలో వెలువడిన చారిత్రక నవలలే. కానీ 1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు తరలింది. తలపెట్టినవారిలో నల్లగొండ మనుషులున్నా, పోటీల ఫలితం ప్రధానంగా కోస్తా రచయితలకే దక్కింది. ఈ తరలింపు సాహిత్య చరిత్రల్లో ఒక వాక్యంతో సరిపెట్టుకునే విషయమే అయినా, తెలంగాణ నవల ఎంత కాలం వెనుకబడిందో అంచనా వేసేటప్పుడు దాన్ని మరవకూడదు.

మిగిలిన దారి సొంత అచ్చుకూటం. 1913లో మహబూబ్‌నగర్ నుంచి శ్రీనివాసశర్మ సంపాదకత్వంలో వెలువడిన హితబోధిని మాసపత్రిక తెలంగాణ తొలి తెలుగు పత్రికల్లో ఒకటి. 1922 ఆగస్టు 24న నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి అనే వారపత్రికను ప్రారంభించగా, మూడు రోజుల తరువాత, ఆగస్టు 27న, ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించారు. నీలగిరి అన్నది నల్లగొండకు పాతపేరు. పత్రిక పెట్టాలంటే సర్కారు ఇజాజతు తప్పనిసరి అయిన రాజ్యంలో, ఉర్దూ అచ్చుదే పైచేయి అయిన కాలంలో జిల్లా కేంద్రంలో తెలుగు అచ్చుకూటం నడపడం సామాన్యమైన పని కాదు. సంపాదకుడే ముద్రాపకుడు, చందాలు వసూలు చేసేవాడు, గ్రంథాలయోద్యమ ప్రచారకుడు కూడా. సొంత యంత్రం చేతిలో ఉంటే నవలకు ఎంత ఊరట కలుగుతుందో ఒద్దిరాజు సోదరుల ఉదాహరణ చెబుతుంది: రుద్రమదేవి అనే చారిత్రక నవలను రాయడమే కాక, విజ్ఞానప్రచారిణీ గ్రంథమాల పేరుతో పుస్తకాలు వెలువరించి, ఒక పల్లెలో ప్రచురణ సంస్థను నడిపి చూపించింది వారే. నల్లగొండలో అంత వ్యవధి దొరకలేదు. నీలగిరి కొద్ది సంవత్సరాలకే ఆగిపోయింది.

ఈ లోటును తీర్చినది 1926 మే 10న హైదరాబాదులో మొదలైన గోలకొండ పత్రిక. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు సీమవాడు. పత్రికకు అండగా నిలిచిన నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకట్రామరెడ్డిది వనపర్తి ప్రాంతం. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక గనుక దానిలో కథకు, పద్యానికి, వ్యాసానికి చోటు దొరికింది. పల్లెల్లో ఉన్న అజ్ఞాత రచయితకు తన పేరును అచ్చులో చూసుకొనే అవకాశం తొలిసారిగా చేరువైంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు బదులుగా ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవుల వివరాలున్నాయి. ఈ సంచికను ఆత్మగౌరవ ప్రకటనగానే చూడడం పరిపాటి. ప్రచురణ చరిత్ర దృష్టితో చూస్తే అది మరో పని కూడా చేసింది: ఎవరు ఎక్కడ రాస్తున్నారో, వారి రచన అచ్చయిందో లేదో తెలియని ప్రాంతంలో, ఊరూరికీ వార్త పంపి రచయితల నుంచి రచనలనూ వివరాలనూ రప్పించి ఒక చిట్టా తయారుచేసింది. అయినా అది కవుల సంచిక. నవలాకారుల సంచిక వేయదలచి ఉంటే ఆనాడు చాలా పలచని పుస్తకమే వచ్చి ఉండేది.

వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం ఈ చరిత్రకు కీలకం, అందువల్ల దానికి కొంత ఎక్కువ చోటు ఇవ్వవలసి ఉంది. ఆయన 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపంలోని చెరువుమాదారంలో పుట్టాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, ఉపాధ్యాయుల ఇళ్ల వద్ద వంట చేస్తూ అక్షరాలు నేర్చి, విజయవాడలో హోటలు పనికి కుదిరి, హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పని సంపాదించాడు. అచ్చుకు కావలసిన ప్రతి దశనూ కింది మెట్టు నుంచి చూసిన మనిషి కావడం వల్లే, 1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినప్పుడు అది కేవలం ఆశయంగా మిగిలిపోలేదు. ఆ ఏడే కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పేరు దానికి పెట్టారు. ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించిన ఈ గ్రంథమాలకు గోదాము, గుమాస్తాలు, పంపిణీదారులు లేరు. ఆళ్వారుస్వామి తానే పుస్తకాల మూట మోసుకొని ఊరూరా తిరిగి, ఇంటింటికీ వెళ్లి అమ్మేవాడు.

ఈ అమ్మకం తీరును ఆదర్శజీవితపు ఉదాహరణగా మెచ్చుకొని వదిలేయడం తేలిక. నిజానికి దాని వెనుక గట్టి వ్యాపార కారణం ఉంది. నిజాం రాజ్యంలో చెలామణి అయ్యే హాలీ రూపాయి వేరు, బ్రిటిషిండియా కల్దారు రూపాయి వేరు. హాలీ విలువ కల్దారు కన్నా తక్కువ కావడంతో బెజవాడ, మద్రాసుల నుంచి తెప్పించుకునే పుస్తకం ఇక్కడి పాఠకుడికి మరింత ప్రియమయ్యేది. పుస్తకాల దుకాణం తాలూకా కేంద్రాల్లోనే అరుదు, పల్లెల్లో ఆ ఊసే లేదు. అటువంటి చోట పాఠకుడు పుస్తకం దగ్గరికి రావడమన్నది జరగదు గనుక పుస్తకమే నడిచి వెళ్లింది. నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ వార్షిక సమావేశాలు 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో జరిగినప్పుడు వేలాది జనం ఒక్కచోట చేరారు. రాజకీయ చరిత్రలో తీర్మానాలకు ప్రసిద్ధమైన ఈ సభలు తెలుగు పుస్తకానికి కొనుగోలుదారులను ఒక్కచోటికి చేర్చిన సంతలు కూడా. ఇదే కాలంలో కె.సి. గుప్త నడిపిన అణా గ్రంథమాల, రూపాయిలో పదహారో వంతైన ఒక్క అణాకే పుస్తకమిచ్చి, ధర విషయంలో అదే సమస్యకు మరో పరిష్కారం వెతికింది. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు నిర్వహించి, బడిలో తెలుగు దొరకనివారిని చదువరులుగా తయారుచేసింది. పరిషత్తు పరీక్షకు కూర్చున్న యువకుడే మరుసటి ఏడు గ్రంథమాల కొనుగోలుదారు.

పాఠకులు ఈ విధంగా పోగయిన తరువాతే నవల వచ్చింది. ఖైదీగా నిజాం జైళ్లలో గడిపిన అనుభవాలను జైలు లోపల అనే కథల సంపుటిగా వెలువరించిన ఆళ్వారుస్వామి, 1950లలో ప్రజల మనిషి నవలను ప్రచురించాడు. తెలంగాణ పల్లెలోని దొర పెత్తనాన్నీ, ఆంధ్ర మహాసభ ప్రవేశంతో మొదలైన కదలికనూ వస్తువుగా తీసుకొన్న ఈ రచనను తెలంగాణ జీవితాన్ని చిత్రించిన తొలి ముఖ్య నవలగా విమర్శకులు గుర్తించారు. పదిహేనేళ్లకు పైగా ఇతరుల పుస్తకాలు అచ్చువేసి అమ్మిన తరువాతనే ఆయన తన నవలను బయటికి తెచ్చాడన్న క్రమం గమనించదగినది. రెండో నవల గంగు పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న ఆయన మరణించగా, అది 1965లో అసంపూర్ణంగానే వెలువడింది. సంపాదకుడూ ప్రచురణకర్తా అమ్మకందారూ ఒక్కడే అయినప్పుడు ముందుగా నష్టపోయేది ఆ మనిషిలోని రచయితే అనడానికి ఇది తగిన సాక్ష్యం.

ఈ కాలంలోనే ఒక పుస్తకావిష్కరణ పాలమూరు ప్రచురణ చరిత్రకెక్కింది. 1953 జనవరిలో అలంపురంలో, గడియారం రామకృష్ణశర్మ పూనికతో, ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగినప్పుడు, దేశోద్ధారక గ్రంథమాల వెలువరించిన కాళోజీ నారాయణరావు నా గొడవను శ్రీశ్రీ ఆవిష్కరించాడు. నాడు రాయచూరు జిల్లాలో ఉండి, 1956 తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలో చేరిన ఈ చిన్న పుణ్యక్షేత్రంలో ఓరుగల్లు కవి పుస్తకాన్ని నల్లగొండ ప్రచురణకర్త తెచ్చి విశాఖపట్నం కవి చేతుల మీదుగా విడుదల చేయించడాన్ని బట్టి, ఆవిష్కరణ సభ అనే ఆచారం ఎందుకు స్థిరపడిందో తెలుస్తుంది. దుకాణాలు లేనిచోట పుస్తకం పుట్టిందని తెలియజేసేది సభే, మొదటి ప్రతులు అమ్ముడయ్యేది కూడా సభలోనే.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు ఒకే రాష్ట్రమైన తరువాత ప్రచురణ కేంద్రం విజయవాడగా స్థిరపడింది. ఏలూరు రోడ్డు ప్రచురణ సంస్థలు, మద్రాసు, విజయవాడ, హైదరాబాదుల నుంచి వచ్చే వారపత్రికల ధారావాహికలు, అద్దె పుస్తకాల దుకాణాలు కలిసి 1960 నుంచి 1980ల దాకా తెలుగు నవలకు మునుపెన్నడూ లేని గిరాకీని తెచ్చాయి. ఆళ్వారుస్వామి వదిలిన పనిని తాను కొనసాగించదలచినట్టు ప్రకటించిన దాశరథి రంగాచార్య రచించిన చిల్లర దేవుళ్లు ఈ దశలోనే వెలువడి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొంది, చలనచిత్రంగా కూడా వచ్చింది. ఆయన ఓరుగల్లు ప్రాంతంవాడైనా, ఆ విజయం తెలంగాణ మాండలికంలో సంభాషణలు రాస్తే పుస్తకం చెల్లుబాటు కాదన్న భయాన్ని దక్షిణ జిల్లాల రచయితల్లోనూ కొంత తగ్గించింది. భయం నిరాధారమైనది కాదు; ధారావాహికకు కావలసిన భాష ఏదన్న తీర్పు కృష్ణా, గోదావరి మండలాల వ్యవహారాన్ని కొలతగా పెట్టుకొన్న కార్యాలయాల్లో జరిగేదన్నది తెలంగాణ రచయితలు దీర్ఘకాలం చేసిన ఫిర్యాదు. బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి పాలమూరు పలుకుబడితో మా ఊరి ముచ్చట్లు వంటి కథలను నిలబెట్టగలిగింది కానీ, అంత గాఢమైన మాండలికంలో నవల నడపడానికి పత్రికలు సిద్ధంగా ఉండేవా అన్నది అనుమానమే.

వారపత్రికల గిరాకీ తగ్గాక రచయితకు మిగిలిన ఆసరాలు రెండు. మొదటిది ముద్రణ సహాయం: 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, అది రద్దయ్యాక 1985లో నెలకొన్న తెలుగు విశ్వవిద్యాలయం రాతప్రతులను పరిశీలించి ముద్రణ ఖర్చులో కొంత భాగాన్ని సమకూర్చే పద్ధతిని పాటించాయి, ఆ విశ్వవిద్యాలయానికి ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. రెండోది గ్రంథాలయ కొనుగోలు: 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నుతోపాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరుతుంది, ఆ నిధుల నుంచి పుస్తకాలు కొంటారు. సొంత డబ్బుతో అయిదు వందల ప్రతులు వేయించుకొని, లోపలి పేజీలో ప్రతులకు అన్న మాట కింద తన ఇంటి చిరునామానే అచ్చువేయించుకున్న రచయిత ఈ కొనుగోలు మీదనే ఆశ పెట్టుకుంటాడు. కృతిభర్త వెళ్లిపోయాడు గానీ, దరఖాస్తు పట్టుకొని నిలబడవలసిన గుమ్మం మాత్రం వేరే రూపంలో ఉండిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం చివరి నుంచి దళిత, బహుజన, స్త్రీ రచయితల రాకతో నల్లగొండ నవల కొత్త బలం పుంజుకుంది. పంతంగికి చెందిన బోయ జంగయ్య జాతర, జగడం నవలలతో దళిత జీవితాన్ని వచనంలోకి తెచ్చాడు. నకిరేకల్లులో స్థిరపడిన దేవులపల్లి కృష్ణమూర్తి రాసిన ఊరు వాడ బతుకును 1980 నుంచి లాభాపేక్ష లేకుండా నడుస్తున్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆకారం గ్రామంలో పుట్టిన ముదిగంటి సుజాతారెడ్డి మలుపు తిరిగిన రథచక్రాలు వంటి నవలలు రాయడంతోపాటు, భువనగిరి ప్రాంతీయుడైన సంగిశెట్టి శ్రీనివాస్‌తో కలిసి, పాత పత్రికల దస్త్రాల్లో మరుగునపడిన తెలంగాణ తొలితరం కథలను వెతికి తీసి సంపుటాలుగా వెలువరించింది. షబ్నవీసు పేరునే శీర్షికగా పెట్టి తెలంగాణ పత్రికారంగ చరిత్రను రాసిన సంగిశెట్టి, కవిలె అనే సొంత ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకాలు తెస్తున్నాడు. అచ్చయిన రచనలు కూడా మరుగునపడిపోవడానికి కారణం, వాటిని వెలువరించిన గ్రంథమాలలు వాటిని స్థాపించిన వ్యక్తులతోనే అంతరించడం. రెండో ముద్రణ వేసే సంస్థ లేనందున, పాత ప్రతులు వ్యక్తుల ఇళ్లలోనూ కొద్దిపాటి గ్రంథాలయాల్లోనూ మిగిలాయి. పరిశోధకులు వాటిని ఒక్కొక్కటిగా అక్కడి నుంచే సేకరించవలసి వస్తోంది.